అడిగి ఆగడం: మూడో పాఠం

పోయిన పాఠంలో లెక్కను ఎంచుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ లెక్క క్లాసులో పెట్టాక టీచర్లుగా మనం ఏం మాట్లాడుతున్నామో చూద్దాం. ఎంత మంచి లెక్కయినా చాలాసార్లు అక్కడే చెడిపోతుంది.

తొమ్మిదో తరగతి. బోర్డు మీద ఈ లెక్క రాయండి: క్వింటాల్ మిర్చి ఉంది, తేమ 20 శాతం. కల్లంలో ఆరబెడితే తేమ 10 శాతానికి దిగింది. ఇప్పుడు కాటా వేస్తే ఎంత తూగుతుంది?

గుంటూరు చుట్టుపక్కల పిల్లలకు మిర్చి సంగతి మనం చెప్పక్కర్లేదు. క్లాసంతా ఒక్క గొంతుతో "90 కిలోలు సార్" అంటారు.

మొదటిసారి నేనేం చేశానో చెబుతాను. "కాదురా, ఆరితే పోయేది నీళ్లే కదా. కాయ 80 కిలోలు అలాగే ఉంటుంది. ఇప్పుడు ఆ 80 కిలోలే 90 శాతం. మొత్తం ఎంత?" అన్నాను. ఒకడు భాగించి 88.9 అన్నాడు, అందరూ రాసుకున్నారు. పాఠం బాగా జరిగిందనుకుని ఇంటికెళ్లాను. రెండు రోజుల తర్వాత అదే లెక్క ధాన్యం మీద ఇస్తే, మళ్లీ నేరుగా తీసివేతే చేశారు. ఆలోచించాల్సిందంతా నేనే ఆలోచించేసి, భాగహారం మాత్రం వాళ్లకు వదిలానని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఇలా చేయండి. పిల్లలు 90 అనగానే తప్పు అనొద్దు, అవును అని కూడా అనొద్దు. "సరే, ఆ 90 కిలోల్లో నీళ్లెన్ని?" అని అడిగి ఆగండి. కాసేపటికి ఎవరో ఒకరు "కాయ 80 కదా సార్, నీళ్లు 10" అంటారు. "90లో 10 అంటే ఎంత శాతం?" మళ్లీ ఆగండి. వెనక బెంచీలోంచి ఓ అమ్మాయి నెమ్మదిగా "11 దాటుతోంది సార్" అంటుంది. తమ జవాబు తప్పని పిల్లలే పట్టుకున్నారు. అక్కడి నుంచి 88.9కి వాళ్లే వెళ్తారు. ఒక పీరియడ్ మొత్తం పట్టినా పర్వాలేదు.

ఆగడం చెప్పినంత తేలిక కాదు. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు క్లాసులు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపని పిల్లలూ మాట్లాడారు. ఆ 3 సెకన్లు క్లాసులో నిలబడితే చాలా పొడుగ్గా ఉంటాయి. టెన్షన్ వస్తుంది, నోరు ఊరుకోదు.

"మా బడి అసలే వెనకబడింది, వీళ్లకు 35 మార్కులు వస్తే చాలు" అనే మాట నేను చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో విన్నాను. నాకు బాధేస్తుంది. ట్యూషన్ లేని, ఇంట్లో అడగడానికి ఎవరూ లేని పిల్లవాడికి ఆలోచించే అవకాశం దొరికేది మన పీరియడ్లోనే.

టీచర్ల శిక్షణకు డబ్బు లేకపోలేదు. బడి చదువుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం నిధుల్లో మన రాష్ట్రానికి కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు పెడతాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ గంటలు హాల్లో కూర్చుంటే గడిచిపోతాయి. ఆగడం మాత్రం మన క్లాసులో, మన పిల్లల ముందే అలవాటవుతుంది.

ఈ వారం పని: ఒక పది నిమిషాల పాఠం ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంటికొచ్చి వింటూ ప్రతి ప్రశ్న తర్వాత ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పేసిన చోటల్లా నోట్‌బుక్‌లో ఒక గీత గీయండి.

సోషల్ టీచర్లకు మిర్చి లెక్క బదులు ఇది. "ప్రకాశం బ్యారేజీ ఎప్పుడు పూర్తయింది?" అంటే 1957 అని చెప్పి కూర్చుంటారు. "విజయవాడలో 1855 నుంచే ఆనకట్ట ఉంది కదా, మళ్లీ బ్యారేజీ ఎందుకు కట్టాల్సి వచ్చింది?" అని అడగండి. 1952లో ఆనకట్ట తెగిన సంగతి, పిల్లలు కనీసం మూడు కారణాలు ఊహించేదాకా చెప్పకండి.