ఆక్టోపస్ చోటు తప్పుతోందా? కారణం పట్టుకోండి

స్కూబా డైవింగ్‌లో, గాలి అయిపోయిన తోటి డైవర్‌కి ఇవ్వడానికి సిలిండర్ నుంచి వచ్చే రెండో మౌత్‌పీస్‌నే ఆక్టోపస్ అంటాం. నా ఆక్టోపస్ మొదటిసారి చోటు తప్పింది విశాఖలో. అడుగున ఇసుక మీద మోకాళ్ళు ఆనించగానే బడ్డీ (నాతో జతగా దిగిన డైవర్) నా నడుము కిందికి వేలు చూపించింది. పసుపు హోస్ చివర మౌత్‌పీస్ ఇసుకలో బోర్లా పడి ఉంది. తీసి నోట్లో పెట్టుకుంటే పళ్ళ మధ్య కరకరమంది. అప్పుడే ఆమెకి గాలి అయిపోయి ఉంటే ఆ ఇసుక ఆమె గొంతులోకి పోయేది.

హైదరాబాద్ వాళ్ళకి ఈ ఇబ్బంది కాస్త ఎక్కువ. విశాఖ సముద్రమే 600 కిలోమీటర్ల దూరం. పూల్‌లో నేర్చుకుని, ఏడాదికి ఒకటో రెండో సార్లు విశాఖకో, అండమాన్‌కో, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవికో వెళ్తాం. మిగతా నెలలన్నీ కిట్ అటక మీదే. రబ్బరు ఎప్పుడు వదులైందో తెలియదు.

ఆక్టోపస్‌ని ఛాతీ మీద తగిలించే పట్టునే హోల్డర్ అంటాం. అది చేయాల్సినవి రెండే పనులు. మీరు ఈదుతున్నంతసేపూ ఆక్టోపస్‌ని గట్టిగా పట్టి ఉంచాలి. ఎవరైనా ఒక్కసారి లాగితే వెంటనే వదిలేయాలి. చాలామంది ఒకదాన్ని సరిచేయబోయి రెండోదాన్ని చెడగొట్టుకుంటారు.

సమస్య: డైవ్ మధ్యలో ఊడి వేలాడుతోంది

ముందు హోల్డర్‌ని అనుమానించండి. సిలికాన్, రబ్బరు హోల్డర్లు ఎండకీ పూల్ క్లోరిన్‌కీ సాగిపోతాయి. ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు: ఆక్టోపస్‌ని హోల్డర్‌లో పెట్టి, హోల్డర్‌ని చేత్తో పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా ఊపండి. జారితే అది పనికిరాదు, కొత్తది తీసుకోండి. మౌత్‌పీస్ రంధ్రంలోకి దూరే బిరడా రకమైతే, మీ మౌత్‌పీస్ సైజుకి సరిపోతోందో లేదో కూడా చూడండి. కంపెనీని బట్టి రంధ్రం మారుతుంది.

హోల్డర్ బాగానే ఉన్నా ఊడుతోందంటే హోస్ లాగుతోందన్నమాట. కిట్ మొత్తం వేసుకుని అద్దం ముందు నిలబడండి. తల ఎడమకి పూర్తిగా తిప్పండి, కుడిచెయ్యి పైకెత్తండి. హోస్ బిగుసుకుని ఆక్టోపస్ కదిలితే, హోల్డర్ మరీ ఎడమకో మరీ కిందికో ఉన్నట్టు. మామూలుగా ఆక్టోపస్ హోస్ ఒక మీటరు దాకా ఉంటుంది. అది కుడి చంక కింద నుంచి వచ్చి కొంచెం వదులుగా వంపు తిరగాలి. గడ్డానికీ, పక్కటెముకల కింది అంచులకీ మధ్య ఉన్న త్రికోణంలో ఆక్టోపస్ ఉండాలి. బడ్డీ కన్ను ముందుగా పడేది అక్కడే. వంపు మరీ పెద్దదై పక్కకి పొడుచుకొచ్చినా ప్రమాదమే, రాళ్ళకీ తాళ్ళకీ చిక్కుకుంటుంది.

తాత్కాలికంగా కావాలంటే కోఠిలోని సర్జికల్ షాపుల్లో దొరికే రబ్బరు ట్యూబ్ చాలు. చిన్న ముక్క కోసి, రింగులా కట్టి, బీసీడీ (గాలి నింపుకునే డైవింగ్ జాకెట్) మీది డీ-రింగ్‌కి తగిలించి మౌత్‌పీస్‌ని అందులో దూర్చండి. ప్రతి ట్రిప్‌కీ కొత్త ముక్క వేసుకోండి.

సమస్య: లాగితే రావడం లేదు

ఇది మొదటిదానికన్నా ప్రమాదకరం. ఊడిపోతుందన్న భయంతో కేబుల్ టైతో బిగించేవాళ్ళని, ఇనుప క్లిప్పుని నేరుగా డీ-రింగ్‌కి తగిలించేవాళ్ళని చూశాను. కొందరు బీసీడీ జేబులో కుక్కుతారు. గాలి అందని మనిషి క్లిప్పు నొక్కి తీయడు, దొరికింది పట్టుకుని గుంజుతాడు. క్లిప్పే కావాలనుకుంటే, దానికీ ఆక్టోపస్‌కీ మధ్య గుంజితే తెగిపోయే సన్నని రబ్బరు ఓ-రింగ్ పెట్టండి. కళ్ళు మూసుకుని ఎడమచేత్తో ఒకసారి, కుడిచేత్తో ఒకసారి లాగి చూడండి. తర్వాత బడ్డీ చేత ఎదురుగా నిలబడి లాగించండి. ఒక్క గుంజుకి రాకపోతే ఆ ఏర్పాటు మార్చాల్సిందే.

సమస్య: హోల్డర్‌లో ఉండగానే గాలి బుసబుసా పోతోంది

సాధారణంగా మౌత్‌పీస్ పైకి తిరిగి ఉంటుంది, లేదా నీటి వేగం డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) మీద నొక్కుతుంటుంది. మౌత్‌పీస్‌ని కిందికి తిప్పండి, ఆగుతుంది. మీ ఆక్టోపస్‌కి చిన్న లీవర్ ఉంటే దిగే ముందు అది గాలి ఊరికే పోకుండా ఆపే ప్రీ-డైవ్ వైపు ఉండాలి. 18 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి 2.8 రెట్లు, కాబట్టి అక్కడ లీకైతే సిలిండర్ ఎంతోసేపు నిలవదు. ఇన్ని చేసినా ఆగకపోతే తప్పు హోల్డర్‌ది కాదు, సెకండ్ స్టేజ్‌ది, అంటే నోటి దగ్గర గాలి వదిలే భాగానిది. దాన్ని మెకానిక్‌కి ఇవ్వాలి.

సమస్య: మెడలో బంజీ సరిగ్గా ఉండడం లేదు

బ్యాకప్‌ని, అంటే ఆక్టోపస్‌ని, బంజీ అనే సాగే తాడుతో మెడలో వేసుకుని, నోట్లో ఉన్నదాన్ని బడ్డీకి ఇచ్చే పద్ధతి నాకు ఇష్టం. భయపడ్డవాడు ఎలాగూ మీ నోట్లోదే లాక్కుంటాడు. కానీ మీరు పీల్చే మామూలు ప్రైమరీ హోస్ 70, 75 సెంటీమీటర్లే ఉంటుంది. దాంతో ఇద్దరూ ఈదలేరు. కనీసం మీటరు హోస్ కావాలి, 2.1 మీటర్లదైతే ఇంకా హాయి. ఆ మార్పు చేయకుండా బంజీ మాత్రం కొనొద్దు.

బంజీ ఛాతీ దాకా వేలాడితే ముడి విప్పి కుదించండి. గడ్డం దించితే చేతులు వాడకుండా నోటికి అందాలి, గొంతుకి మాత్రం బిగుసుకోకూడదు. లాగినప్పుడు మౌత్‌పీస్ రబ్బరు మాత్రమే ఊడి బంజీకి మిగిలిపోతోందా? కేబుల్ టై వదులైంది. ట్రూప్ బజార్‌లో గుప్పెడు కొని సంచిలో పడేసుకోండి, కొత్తది బిగించండి.

అయస్కాంత హోల్డర్ వాడేవాళ్ళు కాంపస్‌ని దానికి దూరంగా పెట్టుకోండి, ముల్లు తప్పుతుంది.

ఇక ఇసుకలో పడ్డ ఆక్టోపస్ సంగతి. ఫస్ట్ స్టేజ్‌కి (సిలిండర్‌కి తగిలించే భాగానికి) డస్ట్ క్యాప్ బిగించి, మంచినీళ్ళ బకెట్లో నానబెట్టండి. బోరు నీళ్ళు వద్దు, మన కుళాయిల మీద తెల్లగా పేరుకునేదే లోపలా పేరుకుంటుంది. సిలిండర్ తగిలించనప్పుడు నీళ్ళలో పర్జ్ బటన్ (గాలి వదిలే బటన్) నొక్కకండి, నీరు హోస్‌లోకి పోతుంది. తర్వాత సిలిండర్ తగిలించి, వాల్వ్ తెరిచి రెండుసార్లు పర్జ్ చేసి, ఊపిరి పీల్చి చూడండి. ఇంకా కరకరమంటే విప్పించాల్సిందే.