పాత తెరచాప పడవ డెక్కుకు క్లీట్లు బిగించే పద్ధతి
ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో తిప్పుకోవడానికి బాగుచేసిన చిన్న తెరచాప పడవకు, రంగు ఆరగానే డెక్కుకు (పడవ పైభాగపు చెక్క తలానికి) మరమేకులతో క్లీట్లు, అంటే తాళ్లు చుట్టి కట్టే కొమ్ముల్లాంటి కొక్కేలు, బిగించడం తగదు. తాడు ఒక్కసారి గుంజితే అవి చెక్కను చీల్చుకొని ఊడివస్తాయి.

మరమేకులకు బదులు డెక్కు గుండా బోల్టులు వేయాలి. 6 మిల్లీమీటర్ల బోల్టు పట్టవలసిన చోట ముందుగా 10 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, అడుగున టేపు అంటించి, చిక్కని ఎపాక్సీతో (ఆరి గట్టిపడే జిగురుతో) నింపి, అది పూర్తిగా గట్టిపడ్డాక దాని నడుమ 6 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, లోపలి ప్లైవుడ్‌కు తడి తగలదు. రంధ్రం పై అంచును కాస్త ఏటవాలుగా చెక్కితే, నీరు చొరకుండా పూసే సీలెంటు అక్కడ ఉంగరంలా నిలుస్తుంది. బోల్టు తలను కదలనీయకుండా పట్టుకొని కింది నట్టునే తిప్పాలి.

డెక్కు అడుగున వెడల్పాటి పలక తప్పనిసరి. రక్షణ తాడు తగిలించే కొక్కేనికైతే మరీ ముఖ్యం.

ఈ బోల్టులకు కృష్ణ మంచినీటిలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు గాని, బందరు వైపు ఉప్పునీటికి వెళ్లే ఆలోచన ఉంటే 316 రకమే కొనాలి.