డోర్ ప్యాడ్ విప్పి కారు స్పీకర్లు స్వయంగా మార్చుకునే విధానం

కారులో పాట సరిగా వినబడడం లేదని అనిపించగానే చాలామంది ముందుగా స్టీరియో మార్చాలనుకుంటారు. నిజానికి మన దగ్గర తిరిగే చిన్న కార్లలో లోపం ఎక్కువగా ఉండేది తలుపుల్లో బిగించిన స్పీకర్లలోనే. కంపెనీ నుంచి వచ్చే స్పీకర్లకు సాధారణంగా పలుచటి కాగితపు కోను, చిన్న అయస్కాంతం ఉంటాయి కాబట్టి, శబ్దం కొద్దిగా పెంచేసరికి మృదంగం దెబ్బకూ డోలు దెబ్బకూ తేడా తెలియకుండా పోతుంది. వాటిని మార్చడం అంత కష్టమైన పని కాదు. నా పాత స్విఫ్ట్ ముందు తలుపులకు ఈ పనిని నేను రెండుసార్లు చేశాను. రెండవసారి చేయవలసి రావడానికి కారణం స్పీకరు కాదు, ప్యాడ్ (తలుపు లోపలి వైపు కప్పు) వెనుక ఉండే ఒక ప్లాస్టిక్ షీటు విషయంలో మొదటిసారి నేను చూపిన అశ్రద్ధ. అందువల్ల ఆ షీటు గురించి కింద కొంచెం ఎక్కువగానే రాస్తున్నాను.

స్పీకరు ఎంపికలో మొదట చూడవలసింది కొలత. స్విఫ్ట్ ముందు తలుపుకు ఆరున్నర అంగుళాల, అంటే సుమారు 165 మిల్లీమీటర్ల, గుండ్రటి స్పీకరు సరిపోతుంది. ఇతర కార్లలో ఇది మారవచ్చు కనుక పాత స్పీకరును విప్పి కొలిచిన తరువాతే కొత్తది కొనడం మంచిది. వెడల్పు ఒక్కటే చాలదు, లోతు కూడా కొలవాలి, ఎందుకంటే కిటికీ అద్దం కిందికి దిగేటప్పుడు స్పీకరు అయస్కాంతానికి వెనుక నుంచే దిగుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన 300 వాట్లు, 350 వాట్లు అన్న అంకెలను పక్కన పెట్టి, చిన్న అక్షరాలలో ఉండే ఆర్‌ఎంఎస్ వాట్లనూ (నిలకడగా మోయగలిగే శక్తి), సెన్సిటివిటీనీ (ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె) చూడాలి. స్టీరియో మీద 50 వాట్ల చొప్పున నాలుగు అని రాసి ఉన్నా, అది నిలకడగా ఇవ్వగలిగేది ఒక్కో స్పీకరుకు దాదాపు 15 నుంచి 20 వాట్లే. వేరే యాంప్లిఫయర్ పెట్టే ఉద్దేశం లేనివారు 90 డెసిబెల్స్ లేదా అంతకు మించిన సెన్సిటివిటీ ఉన్న స్పీకరును ఎంచుకోవాలి, ఎందుకంటే అది 3 డెసిబెల్స్ తగ్గితే అదే శబ్దం రావడానికి రెట్టింపు శక్తి అవసరమవుతుంది. పై స్వరాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, మధ్యలోనే అమర్చి ఉండే కోయాక్సియల్ రకం బిగించడం తేలిక. ట్వీటరు విడిగా వచ్చే కాంపొనెంట్ రకంలో గాత్రం మోకాళ్ల దగ్గర నుంచి కాక ఎదురుగా వినబడుతుంది, కానీ వైరింగ్ పని పెరుగుతుంది. మొదటిసారి చేసేవారికి కోయాక్సియల్ చాలునని నా అభిప్రాయం.

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. ప్లస్ స్క్రూడ్రైవర్ ఒకటి, బ్యాటరీ టెర్మినల్ విప్పడానికి 10 నంబరు స్పానరు, ప్యాడ్ లేపడానికి ప్లాస్టిక్ పట్టీ, ఇన్సులేషన్ టేపు, పాత కాటన్ గుడ్డ ఉంటే సరిపోతుంది. ఇనుప స్క్రూడ్రైవరుతో ప్యాడ్ లేపితే పెయింటు మీద గీత పడడం, ప్యాడ్ అంచు నలగడం ఖాయం. వీటితో పాటు మీ కారు మోడలుకు సరిపోయే ప్యాడ్ క్లిప్పులు అరడజను ముందే కొని ఉంచుకోవాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట స్పేర్ పార్టుల దుకాణాలలో పాత క్లిప్పు ఒకటి చూపిస్తే అలాంటివే తీసి ఇస్తారు. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు విరగడం మామూలే.

పని మొదలుపెట్టే ముందు కారును నీడలో నిలిపి, అద్దాన్ని పూర్తిగా పైకి ఎక్కించి, తాళంచెవి తీసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సరు తలుపులోనే ఉంటుంది. అలాంటి కారులో ఆ సెన్సరు వైరు ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఎట్టి పరిస్థితిలోనూ ఆన్ చేయకూడదు.

ప్యాడ్‌ను పట్టి ఉంచేవి స్క్రూలు కొన్ని, అంచుల వెంబడి క్లిప్పులు కొన్ని. స్క్రూలు కనబడకుండా దాచిపెట్టడం కంపెనీలకు అలవాటు. లోపలి నుంచి తలుపు తెరిచే హ్యాండిల్ వెనుక ఒకటి, తలుపును లాగి మూయడానికి చెయ్యి పెట్టే గుంటలో అడుగున మరొకటి సాధారణంగా ఉంటాయి. వాటి మీద గోరంత ప్లాస్టిక్ మూత ఉంటే దాన్ని నెమ్మదిగా ఎత్తి తీయాలి. స్క్రూ ఇంకా మిగిలి ఉండగా ప్యాడ్‌ను లాగితే ప్యాడే పగులుతుంది, అందుకే ఎక్కడైనా గట్టిగా పట్టినట్టు అనిపిస్తే బలం పెంచకుండా, ఆ చోట టార్చి వేసి మళ్లీ వెతకాలి. అద్దాన్ని చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న తలుపైతే, దాని వెనుక కంటికి కనిపించని సన్నటి స్ప్రింగ్ క్లిప్పు ఒకటి ఉంటుంది. హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య సందులోకి కాటన్ గుడ్డను దూర్చి, రెండు కొసలూ పట్టుకొని బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే ఆ క్లిప్పు గుడ్డకు చిక్కుకొని టక్కున బయటికి ఎగురుతుంది. అది ఎగిరి ఎక్కడ పడుతుందో గమనించకపోతే తరువాత వెతుక్కోవలసి వస్తుంది కనుక కింద ఒక దుప్పటి పరిచి ఉంచాలి.

స్క్రూలన్నీ వచ్చాక కింది మూల నుంచి ప్లాస్టిక్ పట్టీని దూర్చి, క్లిప్పు ఉన్న చోటుకు వీలైనంత దగ్గరగా పెట్టి లేపాలి. ఒక్కొక్క క్లిప్పు టప్పుమని ఊడుతుంటే మొదటిసారి చేసేవారికి ఏదో విరిగిందనే భయం కలుగుతుంది, కానీ అది ఊడే శబ్దం మాత్రమే. కింది అంచు, రెండు పక్కలూ వదులైన తరువాత ప్యాడ్‌ను మన వైపు లాగకుండా నిలువుగా పైకి ఎత్తాలి, ఎందుకంటే దాని పై అంచు అద్దం బీడింగు (రబ్బరు పట్టీ) దగ్గర కొక్కెంలా వేలాడుతూ ఉంటుంది. ఎత్తగానే పూర్తిగా తీసేయకూడదు. పవర్ విండో స్విచ్ వైరు, తలుపు తెరిచే కేబులు ఇంకా దానికే తగులుకొని ఉంటాయి. ప్యాడ్‌ను మోకాలి మీద ఆనించి, కేబులు ఏ గాడిలో ఎటు తిరిగి ఉందో ఫోనుతో ఫొటో తీసుకొని, అప్పుడు కనెక్టర్ల నాలుకలు నొక్కి ఊడదీయాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటో చాలా సమయం ఆదా చేస్తుంది.

ఇప్పుడు తలుపు ఇనుము మీద నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు కనబడుతుంది. చాలామంది దీన్ని దుమ్ము రాకుండా వేసిన కవరు అనుకొని చింపేస్తారు. వాన పడినప్పుడు అద్దం మీది నీళ్లలో కొంత భాగం బీడింగు దాటి తలుపు లోపలికే దిగుతుంది, అలా దిగిన నీరు తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోయేలా చూసేది ఈ షీటే. నేను మొదటిసారి దీని కింది అంచును కొంత చించి, మామూలు సెల్లో టేపుతో అతికించి ఊరుకున్నాను. ఎండకు టేపు ఊడిపోయింది, తొలకరి వానలకే కాళ్ల కింద కార్పెట్ నానింది, కారంతా ముక్కిన వాసన వచ్చింది. చాలా కార్లలో స్పీకరు ఈ షీటుకు బయటే బిగించి ఉంటుంది కనుక, స్పీకరు మాత్రమే మార్చేటట్లయితే దీన్ని కదిలించే అవసరమే లేదు. తలుపు లోపల, రేకు మోతను తగ్గించే డ్యాంపింగ్ షీటు అంటించాలనుకుంటే అవసరమైనంత మేరకే, ఒక మూల నుంచి నెమ్మదిగా లాగుతూ, సాగే జిగురు దారాలను బ్లేడుతో కోస్తూ వెనక్కి మడవాలి. జిగురుకు దుమ్ము తగలనీయకుండా చూసుకుంటే అదే మళ్లీ అంటుకుంటుంది, చాలని చోట బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు) వేయాలి.

పాత స్పీకరు స్క్రూలతో ఉంటే విప్పడం క్షణాల పని. రివెట్లతో ఉంటే వాటి తలలను డ్రిల్లుతో తొలచాలి, అప్పుడు రాలే ఇనుప రజను కొత్త స్పీకరు అయస్కాంతానికి అంటుకోకుండా ముందే శుభ్రంగా తుడిచెయ్యాలి. కొత్త స్పీకరు రంధ్రాలు కలవకపోతే మధ్యలో ప్లాస్టిక్ రింగు వాడాలి. ఎండీఎఫ్ చెక్క రింగులు చవకే, కానీ తేమ తగిలితే ఉబ్బిపోతాయి. కారు వైర్లను కోయకుండా మీ మోడలుకు సరిపోయే కనెక్టరు కొనుక్కుంటే వారంటీ విషయంలో పేచీ రాదు, పాత స్పీకర్లను తిరిగి పెట్టుకోవడమూ కుదురుతుంది. ప్లస్, మైనస్ తేల్చుకోవడానికి విప్పిన పాత స్పీకరు పిన్నులకు 1.5 వోల్టుల టార్చి సెల్లును ఒక్క క్షణం తాకిస్తే, కోను ముందుకు కదిలినప్పుడు సెల్లు ప్లస్ తగిలిన పిన్నే ప్లస్. ఒక తలుపులో సరిగా, మరొక తలుపులో తలకిందులుగా కలిపితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొని బేస్, అంటే కింది స్వరాలు, మాయమవుతుంది.

ఖరీదైన స్పీకరు కొనడం కన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ తరువాతి పని. కోను ముందుకు కదిలినప్పుడు దాని ముందు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనుక తగ్గుతుంది, ఆ రెండూ రింగు చుట్టూ ఉన్న సందుల గుండా కలిసిపోతే కింది స్వరాలు నీరసపడతాయి. అందుకే రింగు చుట్టూ ఫోమ్ పట్టీ వేసి సందు లేకుండా బిగించాలి. వీలైతే స్పీకరుకు ఎదురుగా ఉన్న బయటి రేకు లోపలి వైపున బ్యూటైల్ డ్యాంపింగ్ షీటును రోలరుతో గట్టిగా ఒత్తి అంటించాలి. రేకంతా కప్పనవసరం లేదు, మూడో వంతు కప్పినా తలుపు మోత తగ్గుతుంది. తారుతో చేసిన షీట్లు మన ఎండలకు మెత్తబడి వాసన వేస్తాయి కాబట్టి వాటి జోలికి పోకపోవడం మంచిది. అడుగున నీరు పోయే రంధ్రాలను మాత్రం ఎంతమాత్రమూ మూయకూడదు.

ప్యాడ్ బిగించే ముందు రెండు పరీక్షలు చేయాలి. అద్దం పైకి ఉండగానే బయటి నుంచి దాని మీద రెండు చెంబుల నీళ్లు పోసి, అవి తలుపు అడుగు నుంచే కారుతున్నాయా, షీటు ఇవతలికి ఒక్క చుక్క అయినా వస్తున్నదా అని చూడాలి. తరువాత స్విచ్ కనెక్టరునూ, సెన్సరు ఉంటే దాని వైరునూ, ఆ పైన బ్యాటరీనీ కలిపి, అద్దాన్ని పూర్తిగా దించి అది స్పీకరుకు తగలడం లేదని నిర్ధారించుకొని, బ్యాలెన్స్ ఒక్కో వైపుకు తిప్పుతూ పాట వినాలి. స్టీరియోలో హైపాస్ ఫిల్టర్ (కింది స్వరాలను తగ్గించే) సౌకర్యం ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెడితే, చిన్న స్పీకరు మోయలేని అతి కింది స్వరాల భారం తగ్గి గాత్రం తేటపడుతుంది. అన్నీ సరిగా ఉంటే బ్యాటరీని మళ్లీ విప్పి, కేబులు గాడిలో కూర్చోబెట్టి, ప్యాడ్ పై అంచును ముందు తగిలించి, క్లిప్పులన్నీ రంధ్రాలకు ఎదురుగా వచ్చాయని చూసుకొని అరచేత్తో కొట్టాలి. స్క్రూలు బిగించే ముందు లోపలి హ్యాండిల్ ఒకసారి లాగి తలుపు తెరుచుకుంటున్నదో లేదో చూడాలి, కేబులు సరిగా పడకపోతే తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. తీసిన పాత స్పీకర్లను ఏ తలుపుదో రాసి అట్టపెట్టెలో దాచి ఉంచితే, కారు అమ్మే రోజున కొత్తవాటిని విప్పుకొని వీటిని తిరిగి పెట్టుకోవచ్చు.