గర్భసంచి జారినట్టు అనిపిస్తే ఏం చేయాలి?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఇసుక తట్టలు మోసేవాళ్ళలో మన రాయలసీమ ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. ఇంటిపట్టున ఉన్నవాళ్ళకూ బరువులు తప్పవు, నిండు నీళ్ళ క్యానే ఇరవై కిలోలు. "కింద ఏదో దిగినట్టుందక్కా" అని ఒకరికొకరు చెప్పుకుంటారు గానీ ఆ మాట డాక్టర్ దాకా పోదు. సిగ్గుతోనే ఏళ్ళు గడిచిపోతాయి. ఇది క్యాన్సర్ కాదు, మీ తప్పూ కాదు, దీనికి వైద్యం ఉంది. ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పాలి: గర్భసంచి జారినంత మాత్రాన తీసేయాల్సిందేనని లేదు.

ఎందుకు జారుతుంది

గర్భసంచిని కింద నుంచి కటి (పొత్తికడుపు అడుగు) కండరాలు, పక్కల నుంచి గట్టి తాళ్ళలాంటి కణజాలం ఉట్టిలా పట్టుకుని ఉంటాయి. కాన్పులో ఆ ఉట్టి సాగుతుంది. నొప్పులు గంటల తరబడి సాగినా, బిడ్డ బాగా బరువున్నా, కాన్పులు ఎక్కువైనా దెబ్బ ఎక్కువ. పచ్చి బాలింతగా ఉండగానే బిందెలు ఎత్తితే కండరాలు కోలుకునే అవకాశమే ఉండదు. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి పట్టు ఇంకా సడలుతుంది. ఏళ్ళ తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, అధిక బరువు కూడా కారణాలే.

ముందు మీరే గమనించుకోండి

కింద బరువుగా లాగుతున్నట్టు ఉండడం, నడుము నొప్పి, కూర్చుంటే ఉండలాంటిది తగలడం, తుమ్మితే మూత్రం పడడం, లేదా మూత్రం పూర్తిగా రాక మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి రావడం దీని లక్షణాలు. పొద్దున లేచేసరికి బాగానే ఉండి, రోజంతా నిలబడి పనిచేశాక సాయంత్రానికి బరువెక్కి, పడుకుంటే తగ్గితే అనుమానం బలపడుతుంది. తలుపు వేసుకుని, గొంతుక్కూర్చుని, చిన్న అద్దం పెట్టుకుని ఒకసారి దగ్గండి. యోని ద్వారం దగ్గర గులాబీ రంగు ఉబ్బు కనిపిస్తే భయపడొద్దు. జారింది గర్భసంచే కానక్కర్లేదు, మూత్రాశయమో పేగో ముందుకు తోసుకు రావచ్చు. అది తేల్చాల్సింది డాక్టరే.

డాక్టర్‌కి చూపించుకోండి

గైనకాలజిస్ట్‌నే చూడాలి. డబ్బుల టెన్షన్ ఉంటే కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రిని ఆనుకుని ఉన్న వాణీ విలాస్ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. కన్నడ రాకపోయినా ఫర్వాలేదు, తెలుగు అర్థమయ్యేవాళ్ళు బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతారు. ఎన్ని కాన్పులు, ముట్లు ఎప్పుడు ఆగాయి, మూత్రం, విరేచనం ఎలా ఉన్నాయి, ఏం బరువులు ఎత్తుతారు, ఇవన్నీ దాచకుండా చెప్పండి. పరీక్షలో దగ్గమంటారు, ముక్కమంటారు. తర్వాత "ఏ దశలో ఉంది?" అని అడిగి రాయించుకోండి. మొదటి దశలో కాస్తే దిగుతుంది, రెండులో ద్వారం దాకా వస్తుంది, మూడులో బయటికి వస్తుంది, నాలుగులో పూర్తిగా బయటే ఉంటుంది. వైద్యం ఏమిటన్నది ఈ దశ మీద, మీరు పడే ఇబ్బంది మీద, మీ వయసు మీద, ఇంకా పిల్లలు కావాలా అన్నదాని మీద ఆధారపడుతుంది.

కండరాలకు పని చెప్పండి

మొదటి, రెండో దశల్లో ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే. అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో రాసిన వ్యాయామం ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. అపానవాయువు రాకుండా, మూత్రం రాకుండా ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి బిగించండి. ఐదు సెకన్లు ఉంచి, ఐదు సెకన్లు పూర్తిగా వదలండి. వదలడం కూడా బిగించడమంత ముఖ్యమే. పది సార్లు చేస్తే ఒక విడత, అలా రోజుకు మూడు విడతలు. పట్టు దొరికాక పది సెకన్లకు పెంచండి. ఊపిరి బిగబట్టొద్దు, తొడలు, పిరుదులు, పొట్ట బిగించొద్దు. మూత్రం పోస్తూ పోస్తూ ఆపడాన్ని వ్యాయామంగా చేయొద్దు.

తేడా తెలియడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, చాలామంది నెలకే మానేస్తారు. సరిగ్గా చేస్తున్నామో లేదో తెలియకపోతే ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి. దగ్గే ముందు, ఏదైనా ఎత్తే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోండి. నీళ్ళ క్యాను మాత్రం ఇంట్లో ఇంకొకరు ఎత్తాల్సిందే.

రింగు

పెసరీ అంటే యోనిలో అమర్చే మెత్తటి సిలికాన్ రింగు. గర్భసంచిని పైకి ఆపి ఉంచుతుంది. సైజు డాక్టరే చూసి పెడతారు, మూడు నుంచి ఆరు నెలలకోసారి తీసి శుభ్రం చేయించుకోవాలి. ఆపరేషన్ వద్దనుకునేవాళ్ళకు, షుగర్, గుండె జబ్బుల వల్ల మత్తు ఇవ్వడం ప్రమాదమైన పెద్దవాళ్ళకు ఇది నిజంగా మేలు చేస్తుంది. మన దగ్గర దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ, మీరే అడగండి.

ఆపరేషన్ దాకా వస్తే

ఆంధ్ర, తెలంగాణల్లో అవసరం లేకపోయినా గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. అందుకే తొందరపడొద్దు, రెండో డాక్టర్ మాట కూడా వినండి. గర్భసంచి తీసేస్తే సడలిన ఉట్టి బాగుపడదు. తీసినా ఆధారాన్ని బిగించి కుట్టాల్సిందే, లేకపోతే యోని పైభాగమే మళ్ళీ జారొచ్చు. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్ళకు గర్భసంచిని పైకి లాగి కట్టే పద్ధతులున్నాయి. ముంబై డాక్టర్ వి.ఎన్. శిరోద్కర్ అలాంటివి గత శతాబ్దంలోనే రూపొందించారు. "తీయకుండా చేయొచ్చా? ఆధారం ఎలా బిగిస్తారు? మళ్ళీ జారే అవకాశమెంత?" ఈ మూడూ అడిగాకే సంతకం పెట్టండి. తర్వాత కనీసం ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు, ఎంతకాలమన్నది డాక్టర్‌తో ఖాయం చేసుకోండి.

మూత్రం అసలు రాకపోయినా, బయటికొచ్చింది లోపలికి పోకపోయినా, పుండై నెత్తురో చెడు వాసనతో నీరో వస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ముట్లు ఆగాక కొంచెం నెత్తురు కనిపించినా జారడం వల్లే అనుకుని వదిలేయొద్దు, వేరుగా పరీక్ష చేయించుకోవాలి.