ఒంటరి పక్షుల లెక్క – 3వ పాఠం: సగటును పాచికకు అప్పగిద్దాం

గత పాఠంలో ఒక పక్షుల గుంపులో ఏటా జరిగే పుట్టుకలకూ చావులకూ సగటు తీశాం. రెండూ సమానమైతే గుంపుకు ఢోకా లేదని చాలామంది రాశారు. వేల పక్షులున్న చోట ఆ జవాబుకు పూర్తి మార్కులు వేస్తాను. డజను పక్షుల దగ్గర మాత్రం చెల్లదు. ఎందుకో చేతులతో చేసి చూడాలి.

లూడో పాచిక, రూపాయి నాణెం, గళ్ల నోటుబుక్కు తీసుకోండి. గుంటూరు అరండల్‌పేటలో ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతాయి. చింతపిక్కల బద్దలు వద్దు. అష్టాచెమ్మాకు అవే బాగుంటాయి గానీ, వెల్లకిలా, బోర్లా సరిసమానంగా పడతాయన్న నమ్మకం లేదు.

మన ఊహాగుంపుకు బట్టమేక పిట్టను నమూనాగా పెట్టుకుందాం. నేల మీద, సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టే పక్షి అది. ఆడవి 6, మగవి 6. ఒక్కో ఆడపక్షికి ఒకసారి పాచిక వేయండి. 1 గానీ 2 గానీ పడితే పిల్ల బతికింది, బొమ్మ పడితే అది ఆడది, బొరుసు పడితే మగది. తర్వాత పాతపక్షులు పన్నెండింటికీ ఒక్కోసారి వేయండి. 1 పడినది చచ్చిపోయింది. పిల్ల మరుసటి ఏడాదికే పెద్దదవుతుందని అనుకుందాం. నిజానికి అందుకు ఏళ్లు పడుతుంది, ఇక్కడ పని తేలికవుతుందని వదిలేశాను. సగటున ఏడాదికి పుట్టేవి 2, చచ్చేవి 2. లెక్క సమానం.

ఒక ఏడాది నడిపి చూపిస్తాను. ఆడవాటికి 4, 2, 6, 5, 3, 6 పడ్డాయి. ఒకే పిల్ల. నాణెం బొరుసు, అంటే మగది. చావుల వంతులో ఆడవాటికి రెండుసార్లు, మగవాటికి ఒకసారి 1 పడింది. ఏడాది చివర ఆడవి 4, మగవి 6. మొత్తం పది.

ఇప్పుడు సగటు మళ్లీ తీయండి. పుట్టేవి 4లో మూడో వంతు, అంటే 1.33. చచ్చేవి 10లో ఆరో వంతు, 1.67. నియమం మారలేదు, వేటగాడు రాలేదు, కరవు పడలేదు. అయినా సమానంగా ఉన్న లెక్క ఒక్క ఏడాదిలో నష్టంలో పడింది. ఈ పాఠంలో అసలు పట్టుకోవలసింది ఇదే. ఒక్క పిల్లా బతకని ఏడాది వచ్చే అవకాశం ఆరు ఆడపక్షులున్నప్పుడు 729లో 64, అంటే దాదాపు పదకొండింట ఒకటి. నాలుగున్నప్పుడు 81లో 16, దాదాపు అయిదింట ఒకటి.

ఆడ, మగ సంఖ్యలు సమానంగా లేనప్పుడు, వారసత్వం పరంగా ఆ గుంపు ఎన్ని పక్షులకు సమానమో చెప్పే సూత్రం ఒకటి ఉంది: ఆడవి × మగవి × 4 ÷ మొత్తం. ఆడవి 4, మగవి 6 మిగిలిన మన గుంపుకు 9.6 వస్తుంది. అమెరికాలో మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో హీత్ హెన్ అనే నేలకోడి ఉండేది. 1908లో దానికోసం రక్షిత ప్రాంతం ఏర్పాటైంది, సంఖ్య బాగా పెరిగింది. 1916లో గూళ్ల కాలంలో మంటలు, ఆ వెంట కఠినమైన చలికాలం, డేగలు, తర్వాత రోగం. 1927 నాటికి డజను దాకా మిగిలాయి, అందులో ఆడవి రెండే. 2, 10 పెట్టి సూత్రం వేయండి: 6.7. కంటికి డజను కనిపించినా, వారసత్వం లెక్కలో ఏడు కూడా లేవు. చివరి పక్షి 1932లో కనిపించింది. కాపలా పెట్టినా ఒకే దీవిలో ఉండటం వాటికి చేటైంది.

‘మరి గుంటూరు దగ్గరి మన ఉప్పలపాడు గూడబాతులో?’ అని అడగబోతారు. అవి రెక్కలు చాపి ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. ఒక చెరువులో తగ్గినవి మరో చోటి నుంచి భర్తీ కావచ్చు. మనం నడుపుతున్న గుంపుకు ఆ వెసులుబాటు లేదు.

అభ్యాసం: ఇదే గుంపును ఇరవై ఏళ్లు నడపండి. ఆడవి గానీ మగవి గానీ సున్నా అయిన ఏడాది దగ్గర ఆపి, ఎర్ర ఇంకుతో గీత కొట్టండి. మొత్తం పదిసార్లు చేయండి. తర్వాత ఒకే మార్పుతో మళ్లీ మొదలుపెట్టండి: ఏటా చివర పాచిక వేసి, 6 పడితే బయటి నుంచి ఒక ఆడపక్షి వచ్చిందని కలపండి. రెండు పట్టికలూ పక్కపక్కన రాసి ఉంచుకోండి, నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.