తొలకరిలో నాటిన మొక్క వడిలిపోతోందా? బిందె పక్కనపెట్టి ముందు పాదు తవ్వి చూడండి

మృగశిర కార్తె వచ్చి ఒక్క జల్లు పడితే చాలు, గుంటూరు, విజయవాడ వీధుల్లోకి కడియం అంటు మొక్కల ఆటోలు వచ్చేస్తాయి. మామిడి, జామ, నిమ్మ, సపోటా... ఏదో ఒకటి కొనకుండా ఉండలేం. పెరట్లో నాలుగు మళ్లు చేసి వంగ, టమాటా, మిరప నారు కూడా పెడతాం. పునర్వసు కార్తె వెళ్లేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఆకులు వాలిపోతున్నాయండీ, ఏం మందు కొట్టమంటారు?" మందు సంగతి తర్వాత. వేళ్ల దగ్గర మట్టి తవ్వి చూశారా అని అడిగితే అవతల నుంచి మాట రాదు. ఎన్నో పెరళ్లు చూశాను, ఆ ఒక్క పని చేయకుండా నేరుగా మందుల కొట్టుకి వెళ్లినవాళ్లే ఎక్కువ. అప్పటికి మొక్క చేయి దాటిపోతుంది, చూడ్డానికి వెళ్లిన నాకు బాధేస్తుంది.

లక్షణం: నీళ్లు పోస్తూనే ఉన్నా ఆకులు వాలిపోతున్నాయి, అడుగు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి

పొద్దున్నే ఆరింటికి వెళ్లి చూడండి. మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి లేచి, పొద్దుటికి నిటారుగా ఉంటే భయం లేదు. కొత్తగా నాటిన మొక్క ఎండకు తట్టుకోలేకపోతోంది, అంతే. పడమర వైపు వారం పది రోజులు కొబ్బరి మట్ట అడ్డం పెట్టండి. పొద్దున కూడా వాలే ఉందంటే మాత్రం తేడా వేళ్లలో ఉంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మాది గుంటూరు నల్లరేగడి. బంగినపల్లి అంటు కోసం మే నెలలో మూడడుగుల గొయ్యి తీయించాను. నీరు ఇంకుతుందో లేదో చూద్దామని నాలుగు బిందెలు పోస్తే గంటలో మాయమైపోయింది. నేల బాగుందనుకుని ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి గొయ్యి నింపి, తొలకరికి మొక్క పెట్టాను. జూలైలో ముసురు పట్టింది. ముసురు వెలిసిన వారానికి ఆకులు వేలాడిపోయాయి. పైన మట్టి చూస్తే తెల్లగా ఎండిపోయి ఉంది. "పాపం దాహంతో ఉంది, ఇంకో బిందె పోయరా" అని అమ్మ అంటే పోశాను. అలా రోజూ పోశాను. చివరికి ఒకరోజు చేత్తో తవ్వితే జానెడు లోతున నీళ్లు, మురుగు వాసన. ఒక వేరు పట్టుకుని లాగితే గోధుమరంగు తొక్క చేతికి ఊడొచ్చింది, లోపల దారంలాంటి ఈనె మాత్రం మిగిలింది. ఆ మొక్క దక్కలేదు.

తప్పు మే నెలలో పోసిన నాలుగు బిందెల దగ్గరే జరిగింది. నల్లరేగడి వేసవిలో బీటలు వారుతుంది. అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా బీటల్లోకి జారిపోతాయి తప్ప మట్టిలోకి ఇంకవు. వానలు పడి మట్టి తడిసి ఉబ్బితే బీటలన్నీ మూసుకుపోతాయి. మీరు గుల్లగా నింపిన గొయ్యి చుట్టుపక్కల నీటినంతా లాక్కుంటుంది, గోడలు మాత్రం చుక్క కూడా బయటకు పోనివ్వవు. కుండలో మొక్క పెట్టి అడుగున చిల్లు మరిచిపోయినట్టే. గాలి ఆడని వేరు నీటిని పైకి పంపలేదు. అందుకే నీళ్లలో మునిగిన మొక్క కూడా దాహంతో ఉన్న మొక్కలాగే వాడుతుంది. మనమేమో ఇంకో బిందె పోస్తాం.

విజయవాడ వైపు కృష్ణ ఒండ్రు నేలల్లో ఈ బాధ తక్కువ. కానీ కానూరు, పోరంకి వైపు కొత్త స్థలాల్లో గ్రావెల్ తోలించి రోలరుతో తొక్కిస్తారు చూడండి, అందులో తీసిన గొయ్యి నల్లరేగడి గొయ్యి కన్నా అన్యాయం.

ఇంకుడు సరిగ్గా చూడాలంటే, అడుగున్నర గొయ్యి తీసి నిండా నీళ్లు పోసి వదిలేయండి. ఆ నీళ్లు లెక్కలోకి రావు. అది ఇంకాక మర్నాడు మళ్లీ నింపండి, చూడాల్సింది ఈ రెండోసారే. తెల్లారేసరికి అడుగున నీళ్లు కనపడితే ఆ నేలలో గొయ్యి తీసి మొక్క పెట్టకూడదు. గట్టు మీద పెట్టాలి. నాలుగడుగుల వెడల్పు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు గట్టు పోసి, మొక్కతో వచ్చిన మట్టి ముద్ద పైభాగం గట్టు మీదికి వచ్చేలా నాటాలి. గట్టుకి అక్కడి మట్టే వాడి, అందులో చివికిన ఎరువు కలపండి. గొయ్యి అడుగున ఇసుకో కంకరో పోస్తే చాలంటారు, చాలదు. పోయే దారి లేకపోతే నీరు ఆ కంకరలోనూ నిలుస్తుంది. కూరగాయలకైతే అడుగు ఎత్తు బోదెలు తోలి, బోదెల మధ్య కాలువ చివర నీరు బయటకు పోయే దారి వదలండి.

ఇప్పటికే నాటేశారా? మొక్కకు జానెడు దూరంలో ఇనుప చువ్వ దించి బయటకు తీయండి. చివర బురద అంటుకుని వాసన వస్తే నీళ్లు ఆపేయండి. నాటి నెల దాటకపోతే సాయంత్రం పూట మట్టి ముద్ద చెదరకుండా ఎత్తి గట్టు మీదికి మార్చండి. నెల దాటితే అడుగున్నర దూరంలో, గొయ్యి అట్టడుగు దాకా, పల్లం వైపుకి కాలువ తీయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు తెగుళ్ల మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు చుట్టూ పోయవచ్చు, కానీ నీరు పోయే దారి తీశాకే. కొత్త చిగురు కనపడేదాకా యూరియా జోలికి వెళ్లకండి. బొప్పాయికి ఇంత గడువు కూడా ఉండదు. మొదలు దగ్గర రెండు రోజులు నీరు నిలిస్తే కాండం మెత్తబడిపోతుంది. దాన్ని మొదటి నుంచీ గట్టు మీదే పెట్టండి.

లక్షణం: అంటు మొక్క బాగా పెరుగుతోంది, కానీ ఆకు తేడాగా ఉంది

అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చిన చిగురు అది. కనపడగానే గిల్లేయాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకుండా జానెడు పైన ఉండాలి, అతుకు గట్టిపడ్డాక చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కోసేయాలి. మొక్క వచ్చిన నల్ల కవరు తీయకుండా నాటేసినవాళ్లనీ చూశాను. దయచేసి తీయండి.

లక్షణం: విత్తనాలు మొలవలేదు

లోతు ఎక్కువై ఉంటుంది, లేదా వానకి పైన పొర కట్టి ఉంటుంది. బెండ విత్తనం రాత్రంతా నానబెట్టి అర అంగుళం లోతున వేయండి, పైన ఎరువు పొడి చల్లితే పొర కట్టదు. తోటకూర గింజలు చీమలు మోసుకుపోతాయి, చుట్టూ వేపపిండి చల్లండి.

లక్షణం: బెండ ఆకు ఈనెలు పసుపు రంగులోకి మారాయి

పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, దీనికి మందు లేదు. ఆ మొక్క పీకి పారేసి, మిగతావాటికి వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు కొట్టండి. మళ్లీ వేసేటప్పుడు అర్క అనామిక లాంటి తట్టుకునే రకం తీసుకోండి.

జింకు లోపం, నులిపురుగులు, ఉప్పు నేల లాంటివీ ఉన్నాయి. పైవన్నీ చూశాక వాటి గురించి ఆలోచించవచ్చు.

లక్షణం: బీర, సొర పూలు పూస్తున్నాయి, పిందె నిలవట్లేదు

మొదట వచ్చేవన్నీ మగపూలే, అవి రాలిపోతాయి. పూవు కింద చిన్న పిందె ఉన్నది ఆడపూవు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకి తేనెటీగలు తగ్గిపోతాయి. చీకటి పడేలోపు ఒక మగపూవు కోసి, రేకులు వలిచి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపూవు మధ్యలో మెల్లగా రాయండి. రెండు మూడు రోజుల్లో పిందె మెడ పచ్చగా ఉబ్బుతూ కనపడుతుంది.