అర నిమిషానికే మాయమయ్యే మెమరీ కార్డు: నా అనుభవం

చిత్తూరు దగ్గర మా మామిడితోటలో డ్రిప్ వాల్వులు నడిపే లినక్స్ బోర్డు బాగానే బూట్ అయ్యేది. అర నిమిషం తిరిగేసరికి మెమరీ కార్డు మాయం. కార్డు మార్చినా అంతే. కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాము) లాగ్‌లో ఒక లైను పట్టిచ్చింది: ‘ఎల్డీఓ5: డిజేబ్లింగ్’. అంటే, ఎల్డీఓ5 అనే రెగ్యులేటర్ (వోల్టేజీ నిలకడగా ఉంచి కరెంటు అందించే భాగం) ఆగిపోతోందని.

బూట్ అయ్యాక దాదాపు 30 సెకన్లకు, ఎవరూ వాడటం లేదనుకున్న రెగ్యులేటర్లను కెర్నల్ ఆపేస్తుంది. బోర్డుతో వచ్చిన డివైస్ ట్రీలో (బోర్డులో ఏ భాగాలున్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైలు) ఈ రెగ్యులేటర్లుండే పవర్ చిప్ వివరాలున్నాయి కానీ, కార్డుకు కరెంటు అందులోంచే వస్తోందన్న సంగతి లేదు. కార్డు నోడ్‌లో (ఆ ఫైల్లో కార్డు వివరాలుండే భాగం) ‘వీఎంఎంసీ-సప్లై’, అంటే కార్డుకు కరెంటు ఎక్కడి నుంచో చెప్పే లైను, రాసి ఆ ఎల్డీఓకి కలిపాను. ఆ ఎల్డీఓ వోల్టేజీకి కనిష్ఠం, గరిష్ఠం రెండూ 3300000. లెక్క మైక్రోవోల్టుల్లో, అంటే 3.3 వోల్టులు. సర్క్యూట్ బొమ్మ చూడకుండా ఈ అంకెలు వేయకండి, కార్డో చిప్పో కాలిపోవచ్చు.

ఆ ఎల్డీఓకి ‘ఆల్వేస్-ఆన్’ (ఎప్పుడూ ఆపొద్దు) అని పెట్టినా పని జరుగుతుంది. నాకది నచ్చదు: కార్డు వాడనప్పుడు కరెంటు ఆపే వీలు పోతుంది. డివైస్ ట్రీని మళ్ళీ కంపైల్ చేసి, వచ్చిన డీటీబీ ఫైలు ఎక్కించాక కార్డు నిలబడింది.